ప్రేమ డౌన్ డౌన్!

2003 మే నెలలో అమెరికాలో విడుదలైన 'డౌన్ విత్ లవ్' సినిమా మొదలవగానే తెర మీద 'సినిమాస్కోప్' అనే పాత ముద్ర పడుతుంది. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ కంపెనీ 1953లో 'ది రోబ్' చిత్రంతో ప్రవేశపెట్టిన ఆ వెడల్పాటి తెర పద్ధతి 1960ల చివరికల్లా మూలపడింది. ఆ ముద్రను దుమ్ము దులిపి మళ్లీ బయటికి తీశారు. దాని వెనకే రంగురంగుల కార్టూన్ టైటిల్స్ వస్తాయి. అవి అయ్యాక నేపథ్యంలో ఒక గొంతు, ఇది న్యూయార్క్ నగరం, 1962వ సంవత్సరం అని చెబుతుంది. గులాబీ రంగు కోటు, దానికి తగ్గ టోపీ పెట్టుకున్న అమ్మాయి గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లోంచి బయటికొచ్చి, కళ్లింత చేసుకుని ఊరిని చూస్తుంది.

సినిమా పేరును తెలుగులో చెప్పాలంటే గోడల మీద రాసే నినాదమే సరిపోతుంది: ప్రేమ డౌన్ డౌన్. కథలో ఆ అమ్మాయి రాసిన పుస్తకం పేరూ అదే. అంతకు ముందే, 1937లో, హెరాల్డ్ ఆర్లెన్, యిప్ హార్బర్గ్ కట్టిన పాట పేరు కూడా అదే. దర్శకుడు పేటన్ రీడ్. రచన ఈవ్ ఆలర్ట్, డెనిస్ డ్రేక్. రెనే జెల్వెగర్, యూవన్ మెక్‌గ్రెగర్ జంట. డోరిస్ డే, రాక్ హడ్సన్ కలిసి నటించిన మూడు సినిమాలకు, వాటి చుట్టూ అప్పట్లో వచ్చిన ఆ తరహా చిత్రాలన్నిటికీ ఇది నివాళి. నివాళి అనగానే మనకు దండ వేసిన ఫొటో గుర్తొస్తుంది. ఇక్కడ నివాళి అంటే, ఆ సినిమాలు ఎలా తీశారో అచ్చం అలాగే మరో సినిమా తీయడం. సెట్టు, లైటు, నడక, మాట వేగం, చివరికి అప్పటి సాంకేతిక లోపాలతో సహా.

డే, హడ్సన్ జంటగా వచ్చిన మూడు సినిమాలు 'పిల్లో టాక్' (1959), 'లవర్ కమ్ బ్యాక్' (1961), 'సెండ్ మీ నో ఫ్లవర్స్' (1964). మూడోది భార్యాభర్తల కథ. దాన్ని పక్కన పెడితే, తొలి రెండింటి కథ దాదాపు ఒకటే. 'పిల్లో టాక్'లో జాన్ మారో ఇంటీరియర్ డెకరేటర్. సొంత ఫ్లాటు, సొంత సంపాదన ఉన్న మనిషి. బ్రాడ్ ఆలెన్ పాటలు కట్టేవాడు. టెలిఫోన్ లైన్లు చాలని ఆ రోజుల్లో రెండిళ్లకు కలిపి ఒకే లైను ఇచ్చేవాళ్లు. ఆమె ఎప్పుడు ఫోనెత్తినా అవతల అతను ఎవరో ఒక అమ్మాయికి పాట పాడుతూ వినిపిస్తాడు. పాట అదే, అందులో అమ్మాయి పేరు మాత్రం రోజుకొకటి. ముఖాలు చూసుకోకుండానే ఇద్దరికీ తగువు మొదలవుతుంది. ఒక రాత్రి ఆమెను ఎదురుగా చూసిన బ్రాడ్, ఈ అందగత్తె ఫోన్లో తనతో పోట్లాడే మనిషేనని కనిపెట్టి, రెక్స్ స్టెట్సన్ అనే టెక్సాస్ పెద్దమనిషినని చెప్పుకుని దగ్గరవుతాడు. 'లవర్ కమ్ బ్యాక్'లో ఇద్దరూ పోటీ ప్రకటనల కంపెనీల్లో పనిచేస్తారు. అందులో హీరో బిడియస్తుడైన శాస్త్రవేత్తగా నటిస్తాడు. మారుపేరుతో అమ్మాయికి దగ్గరవడం మన పాత సినిమాలకూ కొత్తేం కాదు కాబట్టి ఈ కథలు తెలుగు ప్రేక్షకుడికి సులువుగానే అందుతాయి.

కొరుకుడు పడనిది వాటి చాటుమాటు వ్యవహారం. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ గట్టిగా అమలయ్యేది. ఏది చూపించవచ్చో, ఏది మాట్లాడకూడదో ఆ నిబంధనలు తేల్చేవి. 1953లో ఆటో ప్రెమింజర్ తన 'ది మూన్ ఈజ్ బ్లూ'ను ఆ ఆమోదముద్ర లేకుండానే విడుదల చేసి ఆడించుకున్నాక పట్టు సడలడం మొదలైంది. 1968లో కోడ్ పూర్తిగా పోయి, వయసును బట్టి రేటింగ్ ఇచ్చే పద్ధతి వచ్చింది. పట్టు సడలింది కానీ ఊడిపోలేదన్న ఆ మధ్య కాలంలో పుట్టినవే ఈ చిత్రాలు. వాటిని శృంగార హాస్య చిత్రాలనేవాళ్లు. వాటిలో శృంగారం ఎప్పుడూ జరగదు, జరగబోతూ ఉంటుంది. రచయితలు చెప్పకుండా చెప్పడంలో ఆరితేరారు. 'పిల్లో టాక్'లో ప్రసిద్ధి కెక్కిన దృశ్యం ఒకటుంది. తెర రెండు సగాలుగా చీలుతుంది. ఆమె తన ఇంట్లో స్నానాల తొట్టిలో, అతను తన ఇంట్లో స్నానాల తొట్టిలో పడుకుని ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటారు. ఇద్దరి పాదాలూ తెర మధ్య గీత దగ్గర గోడకు ఆనుతాయి. చూసేవాళ్లకు పాదాలు పరస్పరం తాకినట్టు ఉంటుంది. సెన్సారు వేలెత్తి చూపడానికి అక్కడ ఏమీ లేదు, ఎవరి ఇంట్లో వాళ్లున్నారు. ఆ సినిమా స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. డోరిస్ డేకు జీవితంలో దక్కిన ఒకే ఒక ఆస్కార్ నామినేషన్ కూడా దానికే. 1960ల తొలి సగంలో ఆమె అమెరికా థియేటర్లకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టిన తార.

తర్వాతి తరం ఆ సినిమాలను చూసి నవ్వింది. పెళ్లయ్యేదాకా కాపాడుకోవాల్సిన కన్యాత్వం గురించిన పాతకాలపు గోలగా కొట్టిపారేసింది. అది పూర్తిగా న్యాయం కాదు. ఆ హీరోయిన్లు ఉద్యోగాలు చేసుకుంటారు, ఎవరి మీదా ఆధారపడరు, ఎదురు మాట చెప్పడంలో మగవాళ్లకు తీసిపోరు. చిక్కల్లా ఒకచోట ఉంది. ఆ కథల్లో మోసం సంగతి హీరోకి తెలుసు, ప్రేక్షకులకు తెలుసు, హీరోయిన్‌కు ఒక్కదానికే తెలియదు. నవ్వంతా ఆమె తెలియనితనం మీద పండుతుంది. ఈ చిక్కుముడినే 'డౌన్ విత్ లవ్' రచయితలు పట్టుకున్నారు.

కథలోకి వస్తే, మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన బార్బరా నోవాక్ ఆడవాళ్లు ప్రేమను వదిలేయాలని పుస్తకం రాస్తుంది. ప్రేమ జోలికి పోకుండా ఉద్యోగంలో ఎదగండి, మగవాడు గుర్తొస్తే చాక్లెట్ తినండి, కోరికను మగవాళ్లలాగే మనసు పెట్టకుండా తీర్చుకోండి అన్నది ఆమె బోధ. బ్యానర్ హౌస్ అనే ప్రచురణ సంస్థలో ఎడిటర్ విక్కీ హిల్లర్ (సారా పాల్సన్) ఆ పుస్తకాన్ని భుజాన వేసుకుంటుంది. సంస్థలో పెద్దలందరూ మగవాళ్లే. ప్రచారం కోసం 'నో' అనే పత్రికలో పేరుమోసిన విలేకరి క్యాచర్ బ్లాక్‌తో (మెక్‌గ్రెగర్) ఇంటర్వ్యూ ఏర్పాటు చేస్తారు. పెళ్లికాని ముసలమ్మ ఎవరో అనుకుని, విమాన పరిచారికలతో షికార్లు మానుకోలేక, అతను ఒకటికి రెండుసార్లు ఇంటర్వ్యూ ఎగ్గొడతాడు. ఇంతలో టీవీలో 'ఎడ్ సల్లివన్ షో'లో జూడీ గార్లండ్ ఆ పాత పాట పాడడంతో పుస్తకం పేరు మారుమోగిపోతుంది. బార్బరా రాత్రికి రాత్రి ప్రపంచ ప్రసిద్ధురాలవుతుంది. టీవీలో కూర్చుని, మగాళ్లలో అధ్వాన్నపు రకానికి ఉదాహరణగా క్యాచర్ పేరే చెబుతుంది. ఆ మర్నాటి నుంచి అతని ముఖం చూసే ఆడమనిషి ఉండదు. పగబట్టిన క్యాచర్, జిప్ మార్టిన్ అనే అమాయకపు వ్యోమగామిగా వేషం కట్టి ఆమెను ప్రేమలో దించి, ఆ సంగతి పత్రికలో రాసి పరువు తీయాలని బయల్దేరతాడు.

కథకు మూలం డే, హడ్సన్ సినిమాల్లో మాత్రమే లేదు. 1962లో హెలెన్ గర్లీ బ్రౌన్ 'సెక్స్ అండ్ ది సింగిల్ గర్ల్' అనే పుస్తకం రాశారు. పెళ్లికాని అమ్మాయి ఉద్యోగం చేసుకుంటూ, తనకు నచ్చినట్టు జీవించవచ్చని చెప్పిన ఆ పుస్తకం అమెరికాలో గగ్గోలు పుట్టించింది. కాలం కూడా మారుతోంది, గర్భనిరోధక మాత్రకు అక్కడ అనుమతి దొరికింది 1960లోనే. వార్నర్ బ్రదర్స్ ఆ పుస్తకం హక్కులు కొని, పేరు మాత్రం ఉంచుకుని, లోపల కొత్త కథ రాయించింది. 1964లో వచ్చిన ఆ సినిమాలో నటాలీ వుడ్ రచయిత్రిగా, టోనీ కర్టిస్ ఒక చౌకబారు పత్రిక విలేకరిగా నటించారు. రచయిత్రి గుట్టు లాగడానికి ఆ విలేకరి వేరే మనిషిగా నటిస్తూ ఆమె దగ్గర చేరతాడు. 'డౌన్ విత్ లవ్' కథ వెన్నెముక ఇదే. రక్తమాంసాలు 'పిల్లో టాక్'వి.

ఇక తీసిన తీరు. ఈ సినిమాలో న్యూయార్క్ నిజమైన న్యూయార్క్ కాదు, 1962లో హాలీవుడ్ సెట్లలో వేసిన న్యూయార్క్. బార్బరా ఫ్లాటు బాల్కనీ లోంచి చూస్తే నగరంలోని పేరున్న కట్టడాలన్నీ పిలిచినంత దూరంలో వరసగా నిలబడి ఉంటాయి. ఏ ఇంటి నుంచీ అలా కనిపించవు. ఆ వెనక ఉన్నది బొమ్మ గీసిన తెర అని తెలిసిపోతూనే ఉంటుంది, తెలియాలనే వాళ్ల ఉద్దేశం. కారులో వెళ్లే సన్నివేశాలను బ్యాక్ ప్రొజెక్షన్‌తో తీశారు. కదలని కారును స్టూడియోలో నిలబెట్టి, వెనక తెర మీద రోడ్డు బొమ్మ ఆడిస్తారు. మద్రాసు స్టూడియోల్లో తీసిన పాత తెలుగు సినిమాలు చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. హీరో స్టీరింగ్‌ను ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటాడు, వెనక రోడ్డు తన దారిన తను పోతుంటుంది. అప్పట్లో అది గత్యంతరం లేక వాడిన పద్ధతి. 2003లో కావాలని డబ్బు పెట్టి ఆ అసహజత్వాన్ని తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఛాయాగ్రాహకుడు జెఫ్ క్రోనెన్‌వెత్ అంతకు నాలుగేళ్ల ముందు 'ఫైట్ క్లబ్' అనే చీకటి సినిమాకు పనిచేసినవాడు. ఇక్కడ నీడ అన్నది పడకుండా వెలుగు పరిచాడు.

డేనియల్ ఒర్లాండి రూపొందించిన దుస్తులు ఒక పాత్రంత పని చేస్తాయి. బార్బరా, విక్కీ హోటల్‌కి వచ్చి, ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే తాళంలో కోట్లు తీస్తారు. అందులో కథకు పనికొచ్చేది ఏమీ లేదు. కానీ ఆ కోటు విప్పడంలో ఉన్న దర్జా చూసి థియేటర్లో చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. క్యాచర్ బ్రహ్మచారి గది 'పిల్లో టాక్'లో బ్రాడ్ గదికి తమ్ముడు. అక్కడ సోఫా పక్కన మీటలుంటాయి. ఒకటి నొక్కితే తలుపు గడియ పడుతుంది, లైట్లు తగ్గుతాయి, ఇంకోటి నొక్కితే సోఫా మంచమవుతుంది. క్యాచర్ తన పత్రిక యజమానీ, పిరికి స్నేహితుడూ అయిన పీటర్‌తో (డేవిడ్ హైడ్ పియర్స్) ఇళ్లు మార్చుకుంటాడు. ఆ మీటలు పీటర్ చేతిలో పడ్డాక జరిగే రభస చూసి తీరాలి.

రెండు సగాల తెర ఇక్కడా ఉంది. బార్బరా, జిప్ ఫోన్లో మాట్లాడుకుంటూ ఎవరి ఇంట్లో వాళ్లు వంగుతూ, లేస్తూ, వ్యాయామం చేస్తూ ఉంటారు. తెర చీలిక అడ్డంగా, నిలువుగా మారుతున్నకొద్దీ ఆ రెండు బొమ్మలూ కలిసి ఏ భంగిమగా కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు. 1959లో పాదాలు తాకించి ఊరుకున్న చోట 2003లో ఏ సెన్సారూ లేదు, పచ్చిగా చూపించవచ్చు. అయినా చూపించలేదు. పాత పద్ధతిలోనే, ఎవరి ఇంట్లో వాళ్లను ఉంచి, పాతవాళ్లు వెళ్లని దూరం వెళ్లారు. ఆ దృశ్యం కొంచెం మితిమీరిందన్న మాట కూడా ఉంది. ఆ పాదాల దృశ్యంలో ఉన్న గుట్టు ఇందులో లేదన్నది నిజమే.

రాక్ హడ్సన్ నీడ ఈ సినిమా మీద ఇంకో రకంగానూ ఉంది. 'పిల్లో టాక్'లో బ్రాడ్, జాన్‌ను ఆటపట్టించడానికి, రెక్స్‌కు ఆడవాళ్ల మీద ధ్యాస లేదేమోనని అనుమానం వచ్చేలా మాట్లాడతాడు. హడ్సన్ స్వలింగ సంపర్కి అన్న సంగతి స్టూడియోలు జాగ్రత్తగా దాచాయి. 1985లో ఎయిడ్స్‌తో ఆయన చనిపోయిన ఏడాదే లోకానికి తెలిసింది. తన నిజాన్ని దాచుకున్న నటుడు, అది కాని పాత్రలో ఉండి, అదే అయినట్టు నటించడం ఆ పాత సినిమాలో ఎవరూ అనుకోకుండా ఏర్పడిన మూడు పొరల వేషం. ఆ ముచ్చటను 'డౌన్ విత్ లవ్' మర్చిపోలేదు. జిప్ గురించీ, పీటర్ గురించీ అలాంటి అపార్థాలు అల్లి నవ్వించింది. ఇప్పుడా నవ్వు తెలిసి నవ్వేది.

పాత సినిమాల నుంచి సాక్షాత్తూ ఒక మనిషినే తెచ్చారు. డే, హడ్సన్ మూడు చిత్రాల్లోనూ హీరో పక్కన బెంగపడుతూ తిరిగే స్నేహితుడిగా నటించిన టోనీ ర్యాండల్, ఇక్కడ ప్రచురణ సంస్థ యజమాని థియోడర్ బ్యానర్. అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్లు. పియర్స్ వేసిన పీటర్ పాత్ర అలనాటి ర్యాండల్ పాత్రకు వారసుడు.

సినిమా అసలు బలం చివరి భాగంలో ఉంది. కథ ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ పేరా వదిలేయవచ్చు. క్యాచర్ తన వేషం బయటపెట్టే సమయానికి బార్బరా అతన్ని ఆపి మాట్లాడడం మొదలుపెడుతుంది. తాను బార్బరా నోవాక్ కాదు, ఒకప్పుడు అతని దగ్గర సెక్రటరీగా చేసిన నాన్సీ బ్రౌన్. అతన్ని ప్రేమించింది. పదిమందిలో ఒకతెగా మిగలడం ఇష్టం లేక ఉద్యోగం మానేసింది. జుట్టు రంగు మార్చి, పేరు మార్చి, పుస్తకం రాసింది. అతను ఇంటర్వ్యూ ఎగ్గొడతాడని తెలుసు, టీవీలో తిడితే పగబడతాడని తెలుసు, మారుపేరుతో వస్తాడని తెలుసు, అలా వస్తే తప్ప తనతో ఇంతసేపు గడపడనీ తెలుసు. హీరో పన్నిన వల మొత్తం హీరోయిన్ పన్నిన వలలో ఒక కన్ను. ఈ మాటలన్నీ జెల్వెగర్ మూడు నిమిషాల పాటు ఒక్క కట్ లేకుండా, ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. కెమెరా ఆమె ముఖం మీంచి పక్కకు జరగదు. ఎదురుగా ఉన్న హీరో ముఖం ఎలా మారిందో చూడాలని ప్రేక్షకుడికి ఎంత ఆత్రంగా ఉన్నా చూపించరు. అంతసేపూ తెర ఆమెదే. 'పిల్లో టాక్'లో హీరోయిన్‌కు ఒక్కదానికే తెలియని కథ ఇక్కడ ఆమెకొక్కదానికే తెలిసిన కథ అయింది. హీరోతో పాటు ప్రేక్షకుడూ మోసపోయాడు.

అక్కడితో ఆపి ఉంటే అది మంచి మెలిక మాత్రమే అయ్యేది. కానీ అప్పటికి తన పుస్తకం తనకే ఒంటబట్టిందని బార్బరా గ్రహిస్తుంది. కావాలని వెంటపడిన మగవాడు దొరికాక అతను అక్కర్లేకుండా పోతాడు. అతన్ని వదిలేసి, 'నో'కి పోటీగా 'నౌ' అనే పత్రిక పెట్టి ఆడవాళ్లకు ఉద్యోగాలిస్తుంది. అమెరికాలో 1966లో ఏర్పడిన జాతీయ మహిళా సంఘాన్ని మొదటి అక్షరాలతో పిలిచే పేరు కూడా 'నౌ'. ఈసారి ఉద్యోగం కోసం దరఖాస్తు పట్టుకుని ఇంటర్వ్యూకు రావడం క్యాచర్ వంతు. చివరికి ఇద్దరూ కలుస్తారు, హాస్య చిత్రం కాబట్టి కలవాలి. అప్పటికి ఆమె జుట్టు నాన్సీ ముదురు గోధుమ రంగూ కాదు, బార్బరా బంగారు రంగూ కాదు, ఎరుపు.

ఇంత ముచ్చటగా తీసిన సినిమా డబ్బు తేలేదు. 3.5 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచమంతటా వచ్చింది సుమారు 3.9 కోట్లు. అందులో థియేటర్ల వాటా పోతే నష్టమే. 'ది మ్యాట్రిక్స్ రీలోడెడ్' వచ్చిన వారంలోనే దీన్ని దేశమంతటా విడుదల చేశారు. ఆ సినిమాకు వెళ్లనివాళ్లు దీనికి వస్తారన్న లెక్క తప్పింది. అసలు కారణం అంతకంటే లోతైనది. 1972లో పీటర్ బొగ్డనోవిచ్ 'వాట్స్ అప్, డాక్?' తీసి 1938 నాటి 'బ్రింగింగ్ అప్ బేబీ'కి నివాళి పట్టినప్పుడు, పాత సినిమా అల్లరిని మాత్రమే తీసుకుని, కథను తన కాలపు శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టాడు. పాతది చూడనివాళ్లు కూడా హాయిగా నవ్వారు, సినిమా బాగా ఆడింది. రీడ్ అలా కాదు, పాత సినిమా వ్యాకరణం మొత్తాన్ని దించాడు. ఆ వ్యాకరణం తెలియనివాడికి బొమ్మ గీసిన తెర చౌకబారు సెట్టులా, పొడుగు మాటల వేగం అతిలా కనిపిస్తుంది.

దీనికి కొన్ని నెలల ముందే, 2002లో, టాడ్ హేన్స్ 'ఫార్ ఫ్రమ్ హెవెన్' తీశాడు. డగ్లస్ సర్క్ 1950ల కన్నీటి చిత్రాలకు అది నివాళి. వాటిలో ముఖ్యమైన 'ఆల్ దట్ హెవెన్ అలౌస్' నిర్మించిన రాస్ హంటరే 'పిల్లో టాక్' నిర్మాతల్లోనూ ఒకడు. ఒకే నిర్మాత కొలిమిలోంచి వచ్చిన రెండు రకాల సినిమాలకు ఏడాది తిరక్కుండా రెండు నివాళులన్నమాట. ఏడిపించినదానికి నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. నవ్వించినదానికి ఒక్కటీ రాలేదు, కనీసం ఆ దుస్తులకైనా రావాల్సింది.

టోనీ ర్యాండల్ 2004 మే నెలలో, సినిమా వచ్చిన ఏడాదికి కన్నుమూశారు. డోరిస్ డే 2019 దాకా ఉన్నారు. పేటన్ రీడ్ 2015లో 'యాంట్ మ్యాన్' తీసి పెద్ద బడ్జెట్ల దర్శకుడయ్యాడు. 'డౌన్ విత్ లవ్'ను మాత్రం థియేటర్లో వదిలేసిన జనం తర్వాత డీవీడీల్లో, టీవీలో చూసి మెచ్చుకుంటూ వస్తున్నారు. చూడాలనుకున్నవాళ్లు ముందు ఒక సాయంత్రం 'పిల్లో టాక్' చూసి, ఆ మర్నాడు దీన్ని చూడాలి. కథ అయిపోయిందని టైటిల్స్ దగ్గర లేచిపోవద్దు. మార్క్ షేమన్, స్కాట్ విట్‌మన్ రాసిన పాటను జెల్వెగర్, మెక్‌గ్రెగర్ సొంత గొంతులతో పాడి ఆడేది అక్కడే.